నీళ్ళ పక్కన నిద్ర

కారు దిగీ దిగగానే అమ్మ వరసగా వేసిన గుడారాలను చూసింది. ఒక్కో గుడారం ముందు నిప్పు, నిప్పు చుట్టూ పిల్లాజెల్లా. "వీళ్ళు యా ఊరోళ్ళప్పా, సుగ్గికొచ్చినారా?" అని తమ్ముణ్ణి అడిగింది.

తమ్ముడుండేది కాలిఫోర్నియాలో, శాన్‌హోజేలో. ఆ ఎండాకాలం అమ్మా నేనూ గోనెగండ్ల నుంచి పోయి రెండు నెలలు వాడి దగ్గరున్నాం. ఒక శనివారం అందరినీ గిల్‌రాయ్ దగ్గరి కొండల్లో ఉన్న కయోటీ లేక్‌కు తీసుకుపోయినాడు. శాంటా క్లారా కౌంటీ వాళ్ళ పార్కు అది. ఒక్కో కుటుంబానికి ఇంత చోటని ముందే బుక్ చేసుకుంటారు. ఆ చోట్లో ఒక బల్ల, నిప్పు వేసుకునే గుండం. మిగతాదంతా ఎవరి మూటలు వాళ్ళు మోసుకుపోవాల్సిందే.

అమ్మ మాటకు తమ్ముడూ నవ్వలేదు, నేనూ నవ్వలేదు.

కన్నడంలో సుగ్గి అంటే పంటల కాలం. మా పడమటి కర్నూలులో మాత్రం వలస. కోసిగి, ఆదోని, ఎమ్మిగనూరు, గోనెగండ్ల పల్లెల్లో వాన మొహం చాటేసిన ఏడు సంసారాలకు సంసారాలే తలుపులకు తాళాలేసి, గింజల మూటా గిన్నెలూ లారీకెక్కించుకుని గుంటూరు వైపు మిరపకాయలు కొయ్యడానికి పోతాయి. చేని గట్టున నాలుగు గుంజలు పాతి, పైన పట్ట కప్పుకుంటే అదే ఇల్లు. వెంటపోయిన పిల్లలకు బడి పోతుంది. పోని పిల్లలు అవ్వల దగ్గరో, వాళ్ళ కోసం ఆ నాలుగు నెలలూ నడిపే హాస్టళ్ళలోనో ఉంటారు. నా చిన్నప్పుడు అమ్మ కూడా ఒక ఏడు పోయింది. మిరప మంటకు రాత్రిళ్ళు నిద్ర పట్టక, చేతులు నీళ్ళ బకెట్లో పెట్టుకుని కూచునేదట. ఆ నీళ్ళు కూడా దూరం నుంచి మోసుకొచ్చుకున్నవే. అందుకే పట్ట కప్పిన గూడు కనబడితే ఆమెకు ముందు గుర్తొచ్చేది కూలి.

గుడారం లేపేసరికి పొద్దు వాలింది. ఎండిన గడ్డితో చుట్టూ కొండలన్నీ పచ్చిపసుపు రంగులో ఉన్నాయి. మే నెలలో మా గుట్టలూ ఇట్లే ఉంటాయని అమ్మ అంది. నిద్రసంచీ ఇస్తే వద్దంది. ఇంటినుంచి తెచ్చుకున్న ఎమ్మిగనూరు దుప్పటి తీసింది. 1938లో మాచాని సోమప్ప నేతగాళ్ళను కూడగట్టి సహకార సంఘం పెట్టినప్పటి నుంచీ ఆ ఊరి దుప్పటికి మా వైపు ఉన్న మర్యాద వేరే దేనికీ లేదు. జొన్నరొట్టె, గురెళ్ళ కారం తిన్నాక పిల్లలు ఆ దుప్పట్లోనే దూరినారు.

నిప్పు కణకణలాడుతుంటే అమ్మ అసలు సంగతికొచ్చింది. "ఇన్ని నీళ్ళు యా చేన్లకు పోతాయి నాయనా?"

తమ్ముడు చెప్పినాడు. ఇప్పుడు కంప్యూటర్ కంపెనీలున్న ఆ లోయంతా ఒకప్పుడు పండ్ల తోటలు. తోటలకోసం బావులు తవ్వి తోడీ తోడీ నేలలోపలి నీళ్ళు అడుగంటితే, పైన నేలే కుంగిపోయింది. 1970 నాటికి శాన్‌హోజే ఊరు దాదాపు 13 అడుగులు కిందికి దిగింది. అంతకు చాలా ముందే, నేలలోపలి నీళ్ళు తగ్గడం చూసే కొండవాగులకు కట్టలు వేసినారు. కయోటీ కట్ట 1936లో వేసినారు. వానాకాలం నీళ్ళు పట్టిపెట్టి, మెల్లగా వాగులోకి వదిలి, నేలలోకి ఇంకనిస్తారు. అడుగున భూకంపాల చీలిక ఉంది గనక చెరువును నిండా నింపరు.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "అయితే భూమికే తాపుతారన్న మాట."

వందల అడుగులు బోరు దించి దుమ్ము చూసిన ఇంటి మనిషి ఆమె. ఆ రాత్రి మేము పండుకున్నది ఆటవిడుపు చెరువు పక్కన కాదు, దాహం తెలిసిన మనుషులు దాచుకున్న నీళ్ళ పక్కన అని నాకు అప్పుడు తోచింది.

పొద్దున్నే అమ్మ బొరుగులు నానబెట్టి పిండి, పుట్నాల పొడి చల్లి ఉగ్గాని చేసింది. ఓక్ చెట్లకింద ఆ తిరగమోత వాసన! అంత రుచైన ఉగ్గాని ఆదోనిలో కూడా నేను తినలేదు.

మా మండలంలోనూ ఒక చెరువుంది. హంద్రి మీద గాజులదిన్నె. పెద్దపాడులో పుట్టి, 1960లో ముఖ్యమంత్రి అయిన దామోదరం సంజీవయ్య పేరు దానికి. నాలుగున్నర టీఎంసీల నీళ్ళు పట్టేలా కట్టినారు. వానలకు ఉరికి ఎండకు ఇసకయ్యే ఏరు హంద్రి. కాబట్టి గాజులదిన్నె నిండిందంటే మాకు తిరునాళ్ళే. చిన్నప్పుడు బండ్లు కట్టుకుని కట్ట మీదికి పోయి, నీళ్ళు చూసి, చీకటి పడేలోగా ఇంటికొచ్చేవాళ్ళం. ఆరుబయట పండుకునేది కల్లంలోనే, బుడ్డల కుప్పకు కాపలాగా. నీళ్ళ పక్కన పండుకోవాలని ఎవరికీ తోచలేదు. ఆ కట్ట కింద రాత్రి దిగేవాళ్ళకు ఒక కొళాయి, ఒక దీపం, నాలుగు చెట్లు ఏర్పాటు చేస్తే చాలు. మా పిల్లలు తమ నీళ్ళను పక్కన పండుకుని చూసుకోవాలని నాకు గట్టిగా ఉంది.

సంక్రాంతికి తమ్ముడు పిల్లలతో వచ్చినాడు. అమ్మే బయల్దేరదీసింది. మా వీధిలో అప్పటికే చాలా ఇండ్లకు తాళాలు. ఎదురింటి అవ్వ దగ్గర వదిలిపోయిన ఇద్దరు పిల్లలను కూడా అమ్మ వెంటపెట్టుకుంది. చెరువు వెనకవైపు తెలిసినవాళ్ళ చేనిలో, అలలు వినబడేంత దగ్గర, పట్ట కట్టి మూడు రాళ్ళ పొయ్యి పెట్టినాం. చలికి అయిదుగురు పిల్లలూ ఒకే దుప్పటి కింద చేరినారు.

ఎదురింటి పాప నా ఫోను అడిగి గుంటూరు చేన్లో ఉన్న వాళ్ళమ్మకు చేసింది.

"మా, మేము కూడా పట్ట కిందనే పండుకున్నాం. గాజులదిన్నె కాడ."

అవతల కాసేపు మాట లేదు. తర్వాత ఆమె అడిగింది:

"నీళ్ళు నిండా ఉన్నాయామ్మీ?"

పాప దుప్పటి తీసి లేచి నిలబడి చూసింది.

"ఆఁ, అంతా నీళ్ళే మా."