గోవాడ పాకం, సముద్రపు నీరు

చిరకాలం విశాఖపట్నం జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్‌లో కొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరిన చోడవరం తీరపు ఊరు కాదు. స్వయంభూ విఘ్నేశ్వరుని గుడికీ, చేరువలోని గోవాడ సహకార చక్కెర కర్మాగారానికీ పేరొందిన ఈ చెరకు సీమకు సముద్రపు చేప మంచుగడ్డల మధ్యనే చేరుతుంది. ఆ చేప సంతానోత్పత్తిని పరిశీలించదలచినవారు సబ్బవరం మీదుగా విశాఖపట్నం వెళ్లి, పాండురంగపురంలోని కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రాన్ని దర్శించవలసి ఉంటుంది. అక్కడి విషయం అర్థమయ్యేకొద్దీ గోవాడ కర్మాగారం గుర్తుకు రావడంలో వింతేమీ లేదు.

దేశంలో సముద్రంలో పంజరాలు దింపి పండుగప్పను పెంచే ప్రయత్నం 2007లో విశాఖ తీరంలోనే మొదలైంది. ఆ తరువాత ఈ కేంద్రం గ్రూపర్, ఇండియన్ పాంపానో జాతుల తల్లిచేపలను, వాడిన నీటినే వడపోసి తిరిగి పారించే తొట్లలో పెంచి పిల్లలను ఉత్పత్తి చేసింది. ఈ పనిలో మగచేప కొరత చిన్న సమస్య కాదు. పండుగప్ప మొదట మగచేపగా పెరిగి తరువాత ఆడచేపగా మారుతుండగా, గ్రూపర్ అందుకు విరుద్ధంగా ఆడచేపగా మొదలై, వయసు, పరిమాణం పెరిగాక గానీ మగచేప కాదు. అందువల్ల గ్రూపర్ వీర్యంలో ప్రతి చుక్కా విలువైనదే.

మగచేప కడుపులో ఉన్నంతసేపూ వీర్యకణం తోక కదలదు. దాని చుట్టూ ఉన్న ద్రవంలో కరిగిన పదార్థాల మొత్తం గాఢత, సముద్రపు నీటి గాఢతలో ఇంచుమించు మూడోవంతు మాత్రమే కావడం ఇందులో కీలకాంశం. కణం సముద్రపు నీటిలో పడగానే ఈ తేడాయే దాన్ని కదిలిస్తుంది. మంచినీటి బొచ్చె, శీలావతులలో జరిగేది దీనికి తలకిందులు: అక్కడ గాఢత తగ్గడమే సంకేతం, పైగా ఆ కదలిక నిమిషానికి అటూ ఇటూగా ముగిసిపోతుంది. ఉప్పునీటి చేపల్లో సాధారణంగా అంతకన్నా ఎక్కువసేపు సాగుతుంది.

అయితే ఆ సంకేతం ఉప్పుదా, గాఢతదా? 1980లో జపాన్ శాస్త్రవేత్తలు మొరిసావా, సుజుకి ప్రచురించిన పరిశీలనలు దీనికి సమాధానం చెప్పాయి: లవణమేమీ లేకపోయినా, తగినంత చిక్కని ద్రావణంలో సముద్రచేప వీర్యకణాలు కదలసాగాయి. అంటే ఉప్పు రుచితో వాటికి నిమిత్తం లేదు. గాఢమైన ద్రవం తాకినప్పుడు, నీటిని పోనిచ్చే ఆక్వాపోరిన్లనే ప్రోటీన్ల గుండా కణంలోని నీరు బయటికి పోతుంది. చెరకు రసంలో నీరు ఇగిరేకొద్దీ పాకం చిక్కబడినట్టు, లోపల మిగిలిన పొటాషియం, కాల్షియం వంటి అయాన్ల, అంటే విద్యుదావేశం గల కణికల, గాఢత పెరుగుతుంది.

అయాన్ ఛానళ్ల ప్రసక్తి ఇక్కడే వస్తుంది. ఇవి కణపు పొరలో అమరి, ఒక్కో రకం అయానునే ఎంచి పోనిస్తూ, పరిస్థితిని బట్టి తెరుచుకుని మూసుకునే ప్రోటీన్ ద్వారాలు. కణం కుంచించుకున్నప్పుడు పొర మీది ఒత్తిడి మారుతుంది గనుక ఆ మార్పును పసిగట్టే ఛానళ్లు కొన్ని ఇందులో పాల్గొంటాయన్న భావనకు ఆధారముంది: అటువంటి ఛానళ్లను అడ్డగించే గాడోలినియం లోహ అయాన్లు కలిపితే, జపాన్ తీరపు పఫర్ చేప వీర్యకణాల కదలిక నిలిచిపోయింది. కాల్షియం పెరుగుదల తోకలోని డైనీన్ అనే ప్రోటీనుకు పని పెడుతుంది. అది ఏటీపీ అనే శక్తిద్రవ్యాన్ని ఖర్చు చేసి తోకను ఊపుతుంది. ఏ ఛానలు ముందు, ఏది వెనుక అన్నది జాతిని బట్టి మారుతుంది కాబట్టి, ఒక చేపలో తేలినదాన్ని అన్నిటికీ అంటగట్టడం తొందరపాటు.

గుడ్లను, వీర్యాన్ని చేత్తో పిండి తీయవలసివచ్చే హేచరీలలో ఈ జ్ఞానం జాగ్రత్తగా మారుతుంది. పొట్ట తుడిచి, పొడి పాత్రలోనే వీర్యాన్ని పడతారు. సముద్రపు నీటి తుంపర పడితే కణాలు గుడ్డు అందకముందే శక్తిని వ్యయం చేసుకుంటాయి, మూత్రం కలిస్తే వాటి నాణ్యత చెడుతుంది. దాచవలసి వస్తే కడుపులోని ద్రవంతో సమాన గాఢత గల లవణ ద్రావణంలో, చలి రక్షక ద్రవ్యం చేర్చి, ద్రవ నైట్రోజన్‌లో ఘనీభవింపజేస్తారు. వాడేముందు ఒక చుక్కను సూక్ష్మదర్శిని కింద సముద్రపు నీటితో కలిపి, ఎన్ని కణాలు కదులుతున్నాయో చూస్తారు. గుడ్లలో ఎంత వీర్యం కలపాలన్నది ఆ లెక్క మీదనే ఆధారపడుతుంది.