సోనాగాచి గుమ్మంలో

ఉత్తర కోల్‌కతాలోని శోభాబజార్ మెట్రో స్టేషన్‌లో దిగి ఒకవైపు నడిస్తే కుమార్‌తులి, మరోవైపు నడిస్తే సోనాగాచి. కుమార్‌తులిలో గడ్డి, బంకమన్నుతో దుర్గమ్మ విగ్రహాలు తయారవుతాయి. ఆ మట్టిలో వేశ్య వాకిటి మట్టి పిడికెడు కలపాలన్నది బెంగాల్ ఆచారం. వాకిటి మట్టికి దక్కిన ఆ గౌరవం లోపలి మనిషికి ఏనాడూ దక్కలేదు.

1992లో ఈ ఇరుకు సందుల్లోకి డాక్టర్ స్మరజిత్ జానా బృందం వచ్చింది. ఎయిడ్స్ భయం దేశాన్ని కమ్ముకుంటున్న రోజులవి. అప్పట్లో ఇక్కడ క్రమం తప్పకుండా కండోమ్ వాడించేవారు నూటికి ముగ్గురు కూడా లేరు. అలాగని ఆ స్త్రీలకు ప్రాణభయం లేక కాదు. కండోమ్ కావాలని ఒకామె పట్టుబడితే విటుడు పక్క గదికి పోతాడు. ఆమెకు ఆ పూట గడవదు. వడ్డీవ్యాపారి మాత్రం మర్నాడు పొద్దున్నే గుమ్మంలో ఉంటాడు.

వృత్తి ఆరోగ్య నిపుణుడైన జానా హెచ్ఐవిని పాపఫలంగా కాక, పనిలో పొంచి ఉన్న ప్రమాదంగా చూశారు. గని కార్మికుడికి హెల్మెట్ ఎలాగో ఇక్కడ కండోమ్ అలాగ. క్లినిక్ తెరిచి ఊరుకోలేదు. సెక్స్‌వర్కర్లకే శిక్షణ ఇచ్చి ఆకుపచ్చ కోట్లతో గడపగడపకూ పంపారు. సుఖవ్యాధుల గురించి తమలో ఒకరు చెబుతుంటే సిగ్గుపడాల్సిన పని లేకపోయింది. అన్ని గదుల్లోనూ ఒకే మాట వినిపిస్తే విటుడికి పక్క గది ఉండదు.

1995లో వారి సొంత సంఘం దుర్బార్ పుట్టింది. బెంగాలీలో ఆ మాటకు ఎవరూ ఆపలేనిదని అర్థం. అదే ఏడాది ఉషా సహకార సంఘం వచ్చింది. గృహిణులమని రాసి నమోదు చేసుకోమన్న సలహాను వారు తోసిపుచ్చి, సెక్స్‌వర్కర్లుగానే నమోదయ్యారు. తక్కువ వడ్డీకి అప్పు దొరికాక, కండోమ్ వద్దనే విటుణ్ణి పొమ్మనే ధైర్యం వచ్చింది. 1990ల చివరికి కండోమ్ వాడకం 80 శాతం దాటింది. ముంబయి వేశ్యావాడల్లో సుమారు సగం మందికి హెచ్ఐవి సోకిన ఆ దశకంలో, సోనాగాచిలో అది 10 శాతం దగ్గరే ఆగింది.

అవమానం మాత్రం అంత తొందరగా తగ్గలేదు. సెక్స్‌వర్కర్లతో గౌరవంగా మెలగాలని పోలీసులకు సుప్రీంకోర్టు 2022లో కూడా చెప్పాల్సి వచ్చింది. ఆ మాట వినడానికి జానా లేరు. 2021 మేలో కోవిడ్‌తో కన్నుమూశారు.

2013లో కోర్టు మెట్లెక్కి మరీ ఈ స్త్రీలు సొంతంగా దుర్గపూజ చేసుకున్నారు. ఏటా మట్టి మాత్రమే వెళ్లే వాకిటికి ఆ ఏడు అమ్మవారే వచ్చింది.