కొత్త కారు, అదనపు హంగులు

కారు కొనాలన్న నిర్ణయం కన్నా, దానికి ఏయే హంగులు ఉండాలన్నదే మా ఇంట్లో ఎక్కువ చర్చకు దారితీసింది. వడ్డీతో కూడిన రుణం వద్దని ముందే నిశ్చయించుకున్నాము గనుక కూడబెట్టిన సొమ్మే మా హద్దు. పిల్లలు సన్‌రూఫ్ కోరారు. దాదీమాకు మోకాళ్ల నొప్పులు. ఆమెను తరచూ కర్నూలు నుంచి హైదరాబాదు ఆసుపత్రికి 44వ జాతీయ రహదారి మీదుగా తీసుకువెళ్లవలసి ఉంటుంది.

మన దేశంలో కంపెనీలు హంగులను విడివిడిగా అమ్మడం అరుదు. కొన్నింటిని కలిపి మూటగట్టి, ఒక్కో మూటకు ఒక్కో వేరియంట్ పేరు పెడతాయి. కావలసినది ఒక్కటే అయినా, అక్కరలేని నాలుగింటికీ వెల చెల్లించవలసిందే. అందుచేత మేము కాగితంపై మూడు గళ్లు గీశాము: ప్రాణాన్ని కాపాడేవి, నిత్యం పనికివచ్చేవి, పదిమందికి చూపుకునేవి.

ఏబీఎస్, ముందు సీట్ల ఎయిర్‌బ్యాగులు, వెనుక పార్కింగ్ సెన్సర్లు చట్టప్రకారమే ఉండాలి. వాటిని ప్రత్యేకతలుగా లెక్కించలేదు. మొదటి గడిలో ఆరు ఎయిర్‌బ్యాగులు, కారు జారబోయినప్పుడు చక్రాలకు విడివిడిగా బ్రేకు వేసి అదుపులో ఉంచే ఈఎస్‌సీ, వెనుక మధ్య సీటుకూ భుజం మీదుగా వచ్చే బెల్టు, పసిపిల్లల సీటును బిగించే ఐసోఫిక్స్ చేరాయి. 2023 అక్టోబరు నుంచి అమలులో ఉన్న భారత్ ఎన్‌క్యాప్ పెద్దలకూ పిల్లలకూ వేర్వేరుగా నక్షత్రాలు ఇస్తుంది, రెండూ చూశాము. రెండవ గడిలో వెనుక కెమెరా, వెనుక సీట్లకు ఏసీ గాలి. మూడవదానిలో సన్‌రూఫ్, అల్లాయ్ చక్రాలు.

మొదట మెచ్చిన మోడల్‌లో ఆరు ఎయిర్‌బ్యాగులు సన్‌రూఫ్ ఉన్న పై వేరియంటులోనే ఉన్నాయి. ఆ వెల మా సొమ్మును దాటిపోయింది. సేల్స్‌మన్ వాయిదాలు సూచించాడు. మేము సమ్మతించక, అన్ని వేరియంట్లలోనూ ఆరు ఎయిర్‌బ్యాగులు ఇచ్చే చిన్న కారు వైపు మళ్లాము. చిన్నవాడు అలిగాడు. దాదీమా వాణ్ణి దగ్గరకు తీసుకుని, "ఆకాశం చూడటానికి మనకు మిద్దె ఉంది కదా బేటా" అన్నారు. ఆమెను షోరూముకు తీసుకువెళ్లి, రెండుసార్లు ఎక్కించి దించి చూశాకే బుక్ చేశాము. సీటు ఎత్తు ఆమెకు కుదిరిందో లేదో ఏ కరపత్రమూ చెప్పలేదు.

తరువాత షోరూమువారు అలంకరణల జాబితా ఇచ్చారు. మందపాటి సీటు కవర్లు వద్దన్నాము. ముందు సీట్ల పక్కనుంచి తెరుచుకునే ఎయిర్‌బ్యాగులకు అవి అడ్డుపడవచ్చు. బంపరుకు తగిలించే ఇనుప గార్డులను కేంద్ర రవాణా శాఖ 2017లోనే నిషేధించింది. బీమా కూడా షోరూములోనే తీసుకోవాలన్న నిబంధన లేదు. బయట ధరలు కనుక్కుని తీసుకున్నాము. మిగిలిన సొమ్ముతో పాపకు సీటు కొన్నాము.

ప్రాణరక్షణకు చేసే ఖర్చు, ప్రదర్శనకు చేసే ఖర్చు ఒకే బిల్లులో కలిసి వస్తాయి. వాటిని వేరుచేసుకునే పని షోరూములో కాక, ఇంట్లో అందరూ కూర్చుని ముందే ముగించుకోవడం మేలు. అన్నీ అమర్చుకున్నా, వెనుక కూర్చున్నవారు సైతం బెల్టు పెట్టుకోనిదే ఆ ఖర్చుకు సార్థకత లేదు.