కొండపల్లి కొండకు చుట్టుదారిన

మా సంఘంలో చాలామందికి కొండ అంటే బస్సు కిటికీలోనుంచి కనబడే సంగతే. కాలువల మధ్య, వరిచేల మధ్య పుట్టి పెరిగినవాళ్ళం. మాకు ఎత్తైన స్థలమంటే కాలువ గట్టు, లేదంటే మందిరపు గంట స్తంభం. అందుచేత మా యౌవనస్థులు పాపికొండల నేషనల్ పార్కుకు వెళ్దామని అడిగినప్పుడు పెద్దలు నవ్వేశారు. 2008లో జాతీయ ఉద్యానవనమైన ఆ అడవి గోదావరి ఒడ్డున ఉన్నది. మాకు రెండు రోజుల ప్రయాణం, ఖర్చూ ఎక్కువే. ఒక్కరోజు కూలి మాత్రమే మానుకోగలవారు కూడా రావాలంటే, విజయవాడకు వాయవ్యాన ఉన్న కొండపల్లే మాకు తగినది. నేషనల్ పార్కు కాకపోయినా, కోట చుట్టూ ఉన్నది రిజర్వు అడవే.

నిజం చెప్పాలంటే కిందటి ఏడు ఒకసారి వెళ్ళాము. ఆ వెళ్ళడం తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మార్చి నెలాఖరున, ఎండలో, పది గంటలకు మెట్లెక్కడం మొదలుపెట్టాము. తెచ్చుకున్న నీళ్ళు సగం దారిలోనే అయిపోయాయి. దిగేటప్పుడు కొందరు మెట్లదారిని, కొందరు రోడ్డుదారిని దిగారు. పద్నాలుగేళ్ళ పిల్లవాడొకడు వాళ్ళతో ఉన్నాడని వీళ్ళు, వీళ్ళతో ఉన్నాడని వాళ్ళు అనుకున్నారు. కింద వ్యాను దగ్గర లెక్క చూసుకుంటే ఒకరు తక్కువ. రెండు గంటలు వెదికాము. వాడు కోట పైభాగాన ఒక గోడ నీడలో నాలుక పిడచగట్టి కూర్చున్నాడు. వాడికి తండ్రి లేడు. ఆ తల్లి మమ్మల్ని ఒక్కమాట కూడా అనలేదు. అదే మాకు ఎక్కువ భారమైంది. తొంబదితొమ్మిది గొర్రెలను విడిచి ఒకదానికోసం వెళ్ళిన కాపరిని గూర్చి ఎన్నిసార్లు విన్నాము! ఆ కాపరికి కనీసం లెక్క తెలుసును.

ఈసారి జనవరి మూడవ శనివారానికి ఏర్పాటు చేసుకుంటున్నాము. ఆ రోజుల్లో ఇక్కడ సూర్యోదయం ఆరున్నర దాటాక, చీకటి పడేది ఆరింటికి. ఊరిలోనుంచి ఏడింటికల్లా మెట్లదారిన నడక మొదలు కావాలి. కోట ద్వారాలు దాటుతూ మెల్లగా ఎక్కి, పైన మహలు, బురుజులు చూసుకొని, అక్కడే భోజనం చేసి, రోడ్డుదారిన అడవి మధ్యగా దిగి, చుట్టు తిరిగి ఊరికి రావడం. మెట్లమీద ఎక్కి రోడ్డున దిగడమే మేలని మా అనుభవం. దిగుడులోనే మోకాళ్ళు పట్టేస్తాయి, అరిగిన రాళ్ళమీద కాలు జారుతుంది. రోడ్డు దూరమే గాని కాలికి సుఖం. ఈ రెండు దారులూ తెరచి ఉన్నవో లేదో కోట దగ్గరి సిబ్బందిని, అటవీ శాఖవారిని ముందుగా అడిగి తెలుసుకోవడానికి ఇద్దరిని పంపుతున్నాము.

చుట్టుదారిలో ఒక చిక్కుంది. సగం దాటిన తరువాత వెనక్కి తిరగడానికీ ముందుకు పోవడానికీ దూరంలో పెద్ద తేడా ఉండదు. కనుక అలసిపోయినవారిని గూర్చి మొదటి ద్వారం దగ్గరే తేల్చుకోవాలి, మొహమాటపడకూడదు. నడవలేని వృద్ధులు అన్నం గిన్నెలతోపాటు వ్యానులో రోడ్డుమీదుగా పైకి వస్తారు. అందరి ముందు ఒకరు, అందరి వెనుక ఒకరు నడుస్తారు. ముందువానిని ఎవరూ దాటకూడదు, వెనుకవాని వెనుక ఎవరూ ఉండకూడదు. ప్రతి ద్వారం దగ్గర పేర్లు పిలవాలి. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు. కాలికి చెప్పులు కాదు, బూట్లు. పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా తాడు కట్టడం వంటివేవీ చేయక, కదలకుండా ఉంచి 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చాలి. మా అయ్యగారు ఈ మాట ఆదివారం ప్రకటనల్లో రెండుసార్లు చెప్పారు.

కోటలో లోతైన కోనేరొకటి ఉన్నది. ఆ చల్లని నీళ్ళు తాగితే జ్వరం వస్తుందని పాతకాలంనుండి చెప్పుకుంటారు. జ్వరం సంగతెలా ఉన్నా, తాగనక్కరలేదు.

పిల్లలకు చెప్పవలసినది అక్కడ చాలానే ఉన్నది. పద్నాలుగవ శతాబ్దపు రెడ్డిరాజుల కోట అది. తరువాత గజపతులు, వారినుండి శ్రీకృష్ణదేవరాయలు, ఆపైన గోలకొండ నవాబులు ఏలారు. 1766లో ఇంగ్లీషువారు పట్టుకున్నారు. వారి బారకాసు, సమాధులు ఉన్నాయి. ఎంత దూరంనుంచి వచ్చి ఇక్కడి మట్టిలో కలిసిపోయారో! పైనుంచి చూస్తే కృష్ణ ఒకవైపు, థర్మల్ పవర్ స్టేషను పొగగొట్టాలు ఒకవైపు. మైలవరం వైపు కొండలను మాత్రం మా పిల్లలకు వేలెత్తి చూపించాలి. బుడమేరు ఆ కొండలనుండే పుట్టి కొల్లేటికి పోతుంది. 2024 సెప్టెంబరులో అది పొంగి విజయవాడలో ఇళ్ళు ముంచినప్పుడు మా స్త్రీల సమాజంవారు పులిహోర పొట్లాలు కట్టి పంపారు. ఆ నీళ్ళు ఎక్కడనుండి వచ్చాయని అప్పుడు అడిగిన పిల్లలకు మేము సరిగా జవాబు చెప్పలేకపోయాము.

దిగివచ్చాక బొమ్మల కాలనీలో ఒక గంట. తెల్లపొణికి కర్ర తేలికైనది. దాన్ని చెక్కి, చింతగింజల జిగురూ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో చేతులు, కాళ్ళు అతికించి రంగులు వేస్తారు. ఆ చెట్లు ఈ అడవిలోవే. ఇప్పుడవి తగ్గిపోయాయని పనివారే బాధపడతారు. కొమ్మ విరవకూడదని పిల్లలకు మేము చెప్పడంకంటె ఆ మాట వారి నోట వింటే బాగుంటుంది. కొనగలవారు ఒక బొమ్మ కొంటారు, లేనివారు చూచి వస్తారు.

పోయిన బుధవారం ప్రార్థన కూటం తరువాత పేర్లు వ్రాసుకున్నాము. ఆ తల్లి అరుగుమీద కూర్చుని చివరిదాకా మాట్లాడలేదు. అయ్యగారే దగ్గరకు వెళ్ళి, "అమ్మా, బాబును పంపుతారా? బలవంతం లేదు," అన్నారు.

"వాడు వస్తానని పోరుతున్నాడయ్యగారూ. నా పేరు కూడా వ్రాయండి," అన్నది ఆమె. కొంచెమాగి, "అందరికంటె వెనుక నేను నడుస్తాను," అన్నది.

అందరి వెనుక నడవడానికి అప్పటికే ఒక పెద్దాయన పేరు వ్రాసి ఉన్నది. ఆయన పేరు కొట్టివేసి ఆమె పేరు వ్రాశాము.