బారకాసుల నడుమ బంతియాట

సికింద్రాబాదునుండి బొలారం వైపు పోవు లోకలు రైలులో ఆదివారము ఉదయమున జనులు మితముగ నుందురు. కిటికీ ప్రక్కన ఒక చోటు సులభముగ దొరకినది. మల్కాజిగిరి దాటిన పిమ్మట నగరము కొంచెము వదులగుచు, ఇండ్ల నడుమ వేపచెట్లును, చెట్ల నడుమ సైనికుల ప్రహరీగోడలును కానవచ్చుచుండగా, అమ్ముగూడ అను చిన్న స్టేషనులో దిగితిని. దాని తరువాతి స్టేషను పేరు కావల్రీ బ్యారక్సు. ఈ పేరును కొంచెము సేపు మనసున నుంచుకొనవలసినదని పాఠకులకు మనవి. దానితో మరల పని యున్నది.

నేను పోయినది దైవదర్శనమునకు గాదు, బంధుదర్శనమునకును గాదు, బంతియాట చూచుటకు. ఏబదియేండ్లు దాటిన మనుష్యుడు ఇందుకొరకు తెల్లవారకమునుపే లేచి రైలెక్కుట మా యింట హాస్యాస్పదమైనది. "ఆ ఆటేదో టీవీలో రాదా?" అని మా ఆవిడ అడిగినది. రాదు. ఏ టీవీలోను రానివియు, టిక్కెట్టు లేనివియు, మరునాటి పత్రికలో ఒక్క పంక్తియైనను పడనివియునగు ఆటలను చూడవలెనని నాకొక వెఱ్ఱి పట్టినది. అది 2023 ఫిబ్రవరిలో తులసీదాస్ బలరాం కలకత్తాలో మరణించెనను వార్త చదివిననాడు పుట్టి, అదే యేడు ఆగస్టు 15న మరియొక బంతియాటగాడు మహమ్మద్ హబీబు హైదరాబాదులో పోయినప్పుడు ముదిరినది. బలరాం ఈ అమ్ముగూడ బిడ్డ. ఈ దుమ్ములో బంతి తన్ని, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో ఆడి, ఈస్ట్ బెంగాల్ జట్టువలన వంగదేశీయులకు ఆరాధ్యుడై, తుదకు హుగ్లీతీరమున ఉత్తరపాడలో స్థిరపడి, అక్కడివాడుగనే కన్నుమూసినాడు. కలకత్తాలో ముదుసళ్లు ఆయన పేరు చెప్పి నేటికిని కన్నులు తుడుచుకొందురు. స్టేషను బయట టీ దుకాణములో నేనడిగినప్పుడు దుకాణదారుడు, "బలరాం అంటే ఏ బలరాం సార్, ఎలక్ట్రీషియన్ బలరామా?" అనినాడు.

మైదానమునకు దారి మాత్రము అతడు సరిగనే చెప్పెను.

మైదానమనగా పచ్చిక యని భ్రమపడరాదు. అది ఎఱ్ఱమట్టి నేల. ఒక మూల వాననీరు నిలిచినది. ఆ మూలవైపు దాడి చేయు జట్టునకు ఆ అర్ధభాగమంతయు పదునొకండుగురికి తోడు ఒక మడుగు కూడ ప్రత్యర్థియే. నేను చేరునప్పటికి ఇద్దరు కుఱ్ఱవాండ్రు ప్లాస్టిక్ డబ్బాకు రంధ్రములు చేసి, అందులో సున్నపుపొడి నింపి, గీతలు గీయుచుండిరి. ముందొకడు త్రాడు పట్టుకొని పోవుచుండెను, వెనుక రెండవవాడు డబ్బాను తట్టుచు వచ్చుచుండెను. సంక్రాంతినాడు వాకిటిలో ఆడపడుచులు ముగ్గు పెట్టునప్పుడు చూపు శ్రద్ధనే ఆ మీసములు మొలవని కుఱ్ఱలలో చూచితిని. పెనాల్టీ పెట్టె యొక గీత వంకర పోగా చెప్పుకాలితో చెరిపి మరల గీసిరి. ఇంత చేసియు గోలుస్తంభములకు వల లేదు. వల లేకపోవుటయందలి సౌందర్యము ఆట మొదలైన పిదప గాని నాకు తెలియలేదు.

రెండు జట్లలోను కలిపి నలుగురి వీపులమీద మెస్సీ పేరు, పదవ అంకె యుండెను. ఒకానొక క్షణమున మెస్సీనుండి మెస్సీ బంతి లాగుకొని మెస్సీకి అందించిన దృశ్యము ప్రపంచమున మరెక్కడను కానరాదు. పేర్లట్లుండగా, వృత్తులు వేరు. గోలుకీపరు గోడలకు రంగులు వేయువాడు, వ్రేళ్లసందుల నీలిరంగు ఇంకను పోలేదు. నడుమ ఆడు పొడుగరి గ్యాసుబండలు మోయువాడు. అతని భుజము తగిలినవాడు తిరిగి లేచుటకు కొంత కాలము పట్టుచుండెను. మిగిలినవారిలో కాలేజీ పిల్లలు, ఒక మెకానిక్కు, ఒక బ్యాంకు గుమాస్తా. బంతికి, సున్నమునకు, నీళ్ల డబ్బాలకు తలా ఇంత చందా వేసికొందురట. సగము ఆట ముప్పది నిమిషములే. నలుబదియైదు నిమిషములు ఆడు శక్తి లేక గాదు. తొమ్మిది గంటలకు క్రికెట్టు పిల్లలు వత్తురు, వారితో పోరుటకు శక్తి లేక.

రెఫరీగా నున్నవాడు ఒక జట్టుయొక్క అదనపు ఆటగాడే యగుటచేత న్యాయనిర్ణయము మిక్కిలి ప్రజాస్వామికముగ నడచినది. ఇరువదియవ నిమిషమున మెకానిక్కు కొట్టిన బంతి స్తంభమునకు జానెడు దూరములో పోయినది, లోపలనుండియా, బయటనుండియా? వల యున్నయెడల ఈ ప్రశ్నయే పుట్టదు, వల లేమిచే ఇరువదిరెండుగురును తార్కికులైరి. ఒకడు బంతి పడిన చోటును, ఒకడు దుమ్ము లేచిన దిక్కును, ఒకడు గోలుకీపరు ముఖవైఖరిని ప్రమాణముగ చూపెను. ప్రత్యక్షమునకును అనుమానమునకును నడుమ జరిగిన ఈ వాదము నాలుగు నిమిషములు సాగి, తుదకు రంగులు వేయు గోలుకీపరే, "గోలే లే అన్నా, ఇచ్చెయ్" అని తేల్చినాడు. శబ్దప్రమాణము గెలిచినది. ఇతడు అబద్ధమాడి యున్నచో ఎవరును పట్టలేకపోయెడివారు.

ఆట ముగిసినపిదప పిల్లల సాధన చూచుటకు ఆగితిని. పదిపన్నెండేండ్ల బాలురు పదునలుగురు. వారికి నేర్పువాడు బ్యాంకు గుమాస్తాయే. అతడు విధించిన నియమము ఒక్కటి: బంతిని రెండుమార్లకు మించి తాకరాదు. అందుకొనుట ఒకటి, అందించుట రెండు. మూడవమారు తాకినవాడు ఎంత గొప్పగ తప్పించుకొని పోయినను బంతి ఎదుటి జట్టుదే. ఒక నల్లని చిన్నవాడు, మహా చురుకైనవాడు, మాటిమాటికి మూడవమారు తాకి బంతి పోగొట్టుకొని కన్నీటిపర్యంతమగుచుండెను. ఆ నియమమును చూచి నాకు పాతకథ యొకటి స్ఫురించినది.

సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, కాచిగూడ మిడిల్ స్కూలులోను మరికొన్ని పాఠశాలలలోను పాఠములు చెప్పి, 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియై, 1950లో నగర పోలీసు జట్టును తీర్చిదిద్దుటకు పూనుకొనెను. ఆ యేటినుండి 1954 వరకు బొంబాయిలోని రోవర్స్ కప్పును వరుసగ ఐదుమార్లు ఆ పోలీసులు తెచ్చుకొనిరి. భారతజట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఏషియా క్రీడల స్వర్ణమును గెలిచినది ఆయన శిక్షణలోనే. మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, ఒలింపిక్ సెమీఫైనలు చేరిన తొలి ఏషియా జట్టై నాలుగవస్థానమున నిలిచిన ఆ సేనలో బలరాం, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, అహ్మద్ హుస్సేన్ వంటివారు మన నగరపు గల్లీలవారు. జకార్తాలో దక్షిణకొరియాపై 2-1తో గెలిచిన మరుసటి యేడే, 1963 జూన్‌లో, పుప్పుసకర్కటవ్యాధితో ఆయన గతించెను.

విజయములు జాబితాలకెక్కినవి, నన్నాకర్షించినది ఆయన బోధనాపద్ధతి. పిల్లలకు ఆయన పెట్టించిన పోటీలలో కొన్నిట బంతిని కాలితో త్రిప్పుకొనుచు తీసికొనిపోవుట నిషిద్ధము. వెంటనే సహచరునికి అందింపవలసినదే. మరికొన్నిట వాటమైన కాలు నిషిద్ధము. కుడికాలివాడు ఎడమకాలితోనే ఆడవలెను. మన అష్టావధానమున నిషిద్ధాక్షరి యని యొక అంశమున్నది గదా. అవధాని నాలుకచివర నున్న అక్షరమునే పృచ్ఛకుడు వలదనును, ఆ మొదటి మాటకు దారి మూసికొనిపోవగా అవధాని బుద్ధి ఎన్నడును త్రొక్కని త్రోవ త్రొక్కి, ఊహింపని పదమును పట్టుకొని వచ్చును. రహీం చేసినది కాళ్లకు నిషిద్ధాక్షరి. వచ్చిన విద్యను వలదనుటచే రాని విద్యను రప్పించుట బడిపంతులుకు గాని తోచదు. సైనికాధికారియైనచో పరుగులు పెట్టించి యూరకుండెడివాడు.

గుమాస్తాను అడిగితిని, ఈ రెండు తాకుళ్ల నియమము ఎక్కడిదని. "మా కోచ్ ఇట్లనే ఆడిపిస్తుండె సార్. ఇది అందరూ చేసేదే, ఇంటర్నెట్‌ల కూడా ఉంటది" అనినాడు. అంతకుమించి త్రవ్వుట భావ్యము గాదనిపించినది.

ఇప్పుడు కావల్రీ బ్యారక్సు సంగతి. 1806లో నిజాము సికందర్ జా పేర ఆంగ్లసైన్యమునకు వెలసిన నగరము సికింద్రాబాదు. ఈ రైలుమార్గమునకు ఇరువైపుల నున్న బస్తీలు తిరుమలగిరి, అల్వాలు, బొలారము, అన్నియు దండు చుట్టును అల్లుకొన్నవే. తెల్లసిపాయిలు సాయంకాలమున బంతి తన్నుచుండగా, వారి వంటవారి బిడ్డలును, గుఱ్ఱపువారి బిడ్డలును గీత బయట నిలిచి చూచిరి. బయటికి వచ్చిన బంతిని లోపలికి తన్నిరి. అట్లు తన్నుచు తన్నుచు గీత దాటిరి. ఇది నా ఊహయే యైనను పెద్ద తప్పుండదు. మూసీకి ఆవల, పాతనగరమునకు దక్షిణమున, చాంద్రాయణగుట్ట చెంత మరియొక బస్తీ యున్నది. దాని పేరు బార్కస్. ఆ పేరును బ్యారక్సే. కాని అది దొరల దండు గాదు. నిజాము కొలువులో నుండిన హద్రమౌత్ అరబ్బుల దండు. ఆ రెండు బారకాసుల నడుమ మన నగరపు బంతియాట పుట్టి పెరిగినదని నాకు తోచినది.

వచ్చు దారిలో జింఖానా మైదానమున గంటసేపు కూర్చుంటిని. నగరపు పెద్దజట్లెన్నో ఆడిన నేల. ఆనాడు నలుమూలల క్రికెట్టు. ఫుట్‌బాల్ జాడ కానరాలేదు. వేరుసెనగలు తిని లేచితిని.

బార్కసునకు పోయినది మూడువారముల పిదప, సాయంకాలమున. మండి హోటళ్ల దీపములు అప్పుడే వెలుగుచుండెను. తోపుడుబండ్లమీద జామపండ్లు, వీథిలో గళ్లలుంగీలు కట్టిన పెద్దలు. తెల్లవారుజామున వత్తువేని గోధుమయు మాంసమును కలిపి వండిన హరీసు దొరకునని, ఆ వేళకు రాకపోవుట నా దురదృష్టమని ఒక పండ్లవర్తకుడు నిజమైన జాలితో పలికెను. ఆ బస్తీలో బంతియాట ఎక్కడ జరుగునని అడుగవలసిన పని లేదు; లుంగీ మడిచికట్టిన పిల్లవాడొకడు చంకలో బంతితో పోవుచుండగా వాని వెంట నడచిన చాలును.

ఆ సందు తుద నున్నది పెద్ద మైదానమును గాదు. ఇండ్లగోడల నడుమ మిగిలిన ఖాళీస్థలము. ఒకవైపు ఇసుక, కంకరకుప్పలు చూడగా అదియు ఎంతకాలము ఖాళీగ నుండునో చెప్పరాదు. గోలు అనగా రెండు రాళ్లు, ఒక్కొక్క రాతిపై ఒక్కొక్క చొక్కా. ఆడువారు జట్టునకు ఆరుగురు; సగముమంది పాదరక్షలు లేనివారే. ఆట వేగము చూచి నివ్వెరపోతిని. అమ్ముగూడలో బంతి గాలిలో నెక్కువ తిరిగెను. ఇక్కడ నేల విడువదు. స్థలము ఇరుకు గనుక, గోడలుండుటచేత, పొడుగుదెబ్బకు తావే లేదు. చిన్న చిన్న అందింపులతో, గోడను సైతము సహచరునిగ జేసికొని, ఆ పిల్లలు సాలెవాని నాడెవలె బంతిని ఇటు నటు నడిపిరి.

ఒక ప్లాస్టిక్ కుర్చీలో తెల్లటోపీ పెట్టిన వృద్ధుడు కూర్చుండి, ఉండియుండి, "బాయా! బాయా పావ్!" అని కేక వేయుచుండెను. ఎడమకాలట. ప్రక్కన నిలిచి విచారింపగా, నా యాసను కనిపెట్టి తెలుగులోకి మారెను. "ఆ పచ్చ షర్టోడు చూడున్రి. కుడికాలు బంగారం. ఎడమకాలు ఉత్తగ నిలబడనీకె ఉన్నది. అందుకే ఎడమకాలుతోటి గోల్ కొట్టేదాంక కుడికాలుతోటి కొడితే లెక్క లేదన్న." ఈ శిక్ష ఎన్నిదినములనుండి యని అడిగితిని. "పదిహేను రోజులాయె. నామీద కోపంతో నాల్గురోజులు రానేలేదు వాడు."

ఇది మీకెవరు నేర్పిరి అంటిని. "మా ఉస్తాదు" అనినాడు. ఆ ఉస్తాదు ఏ ఉస్తాదువద్ద నేర్చెనో, ఆ గొలుసు వెనుకకు పోయిపోయి ఒక బడిపంతులు ఇంటి గడపవద్ద ఆగునో లేదో అడుగవలెనని నాలుకచివరిదాక వచ్చినది. అడుగలేదు. అడిగినయెడల తెలియదనునేమో యను భయము. ఔననినచో నా సంతోషముకొరకు అనెనేమో యను శంక. ఆయన మాత్రము రహీం పేరెత్తలేదు, ఏ పేరును ఎత్తలేదు, ఆటనే చూచుచుండెను.

ప్రొద్దు గ్రుంకినది. వీథిదీపమొకటి వెలుగకుండుటచే ఆ మూలనున్న రాళ్లు, చొక్కాలు మసకలో కలసిపోయినవి. బంతిని కన్నులకంటె చెవులతో కనిపెట్టవలసి వచ్చుచుండెను. మసీదునుండి మగ్రిబు అజాను వినవచ్చుటయు, ఆఖరిమారు కుఱ్ఱలందరు ఒక్కుమ్మడి ఆ చీకటిమూలకు దూసికొనిపోవుటయు, పచ్చచొక్కావాడు శరీరమును ఒకవైపు వంచి బంతిని తన్నుటయు ఒక్క క్షణమున జరిగినవి. బంతి గోడకు తగిలిన చప్పుడు మాత్రము విననైనది. కొందరు గోలనిరి, కొందరు కాదనిరి. అజాను ముగియునంతలో వాదము ఆపి, చొక్కాలు దులుపుకొని, అందరును వెళ్లిపోయిరి.

వృద్ధుడు కుర్చీ మడచుటకు లేచి, "మీకు కనబడిందా సాబ్, రాళ్ల నడుమ పోయిందా?" అని అడిగెను.

కనబడలేదంటిని.

"నాకు భీ కనబడలే" అనినాడు. కుర్చీని చంకనిడుకొని నాలుగడుగులు వేసి నిలిచి, "ఎడమకాలే గద కొట్టింది?" అనెను.

ఎడమకాలే యంటిని.

"అయితే గోలే" అని, ఆయన మసీదువైపు నడచిపోయెను.