ఇంటి చల్లదన మెవరికి?

వేసవి యనగానే పూర్వము విసనకఱ్ఱయు, వట్టివేళ్ల తడికయు, మట్టికుండయు జ్ఞప్తికి వచ్చుచుండెడివి. నేడు పట్టణములలో ఏసీ లేని యిల్లు ఇల్లే కాదనువారు కలరు. దానిని విలాసమని తూలనాడుటకు నేను సాహసింపను. 2015 మే నెలలో ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములయందు వేయిమందికి పైగా వడదెబ్బకు బలియైరి. కావున చల్లదనము ప్రాణరక్షణమే. అయితే ఆ చల్లదనము ఇంటిలో నెవరికి దక్కుచున్నదని విచారించువారు అరుదు.

మా బావగారు విజయవాడలో ఇల్లు కట్టించుచు, గదికొక యంత్రము పెట్టింపవలెనా, ఇంటికంతకును ఒక్క సెంట్రల్ ఏసీ యమర్పవలెనా యని నన్నడిగిరి. ఇంటిపటము చూచితిని. పడకగదులకు, హాలుకు, కడకు ఏట పదిదినములు మాత్రమే తెఱచు అతిథుల గదికిని చల్లగాలి వచ్చు ద్వారములున్నవి. వంటింటికి లేదు. నూనెపొగ గొట్టములలోనికి పోవునని గుత్తదారు కారణము చెప్పెను. “మీ అక్క యచ్చట నెంతసేపుండును గనుక!” అని బావగారనిరి. తెల్లవాఱుజామున కాఫీ మొదలు రాత్రి భోజనము వఱకు నేను లెక్కించి చెప్పితిని. అయిదు గంటలకు తక్కువ రాలేదు.

గుత్తదారు మాటలో సగము నిజము. వంటింటి గాలిని మరల గొట్టములలోనికి లాగరాదు. కాని చల్లగాలిని అందులోనికి పంపి, పొగను వేఱొక పంకాచేత వెలుపలికి త్రోయవచ్చును. గొట్టములను కప్పు పలకలతో మూయకముందే ఈ యేర్పాటు చేయింపవలెను.

ఇక వ్యయము. ఏసీలకు చెప్పు టన్ను యంత్రపు బరువు కాదు. ఒక టన్ను మంచు 24 గంటలలో కరగునపుడు పీల్చుకొను వేడికి అది కొలత. 6 టన్నుల యంత్రము పూర్తిగా పనిచేయునపుడు గంటకు సుమారు 6 యూనిట్ల విద్యుత్తును వాడును. 75 వాట్ల పంకాలు 80 తిరుగుటకు అంత చాలును. వాడుక పెరిగినకొలది యూనిటు ధరయు పెరుగునని మఱవరాదు.

పగలెల్ల అన్ని గదులలోను మనుష్యులు మసలు పెద్ద కుటుంబమునకు, అందును క్రొత్తగా కట్టుచున్న యింటికి, సెంట్రల్ ఏసీ తగియుండవచ్చును. అపుడైనను ఏ గదికాగది గాలిని ఆపు మూతలుండవలెను. లేనిచో ఖాళీగదులను చల్లబఱచుటకు ధనము వెచ్చించినట్లగును. నలుగురే యుండి, రాత్రి రెండు గదులు మాత్రము వాడుకొను ఇంటికి గదియంత్రములే మేలు. పాత యిండ్లలో గొట్టములకు ఎత్తు చాలదు. ఎండకు కాగిన కప్పు క్రింద అవి పోయినచో చల్లదనము త్రోవలోనే తఱుగును. పైగా ఒక్క యంత్రము చెడిన ఇల్లంతయు ఉడికిపోవును.

యంత్రమునకు ముందు చేయదగిన పనులును కలవు. మిద్దెకు తెల్లపూత పూసిన ఎండవేడిమి చాలవఱకు వెనుకకు మరలును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించినది ఇందులకే. అనంతపురము వంటి పొడిసీమలో నీటికూలరు కొంత పని జరపును. సముద్రతీరపు ఉక్కలో గాలియందే తడి నిండియుండుటచే అది ఫలింపదు.

ఇవన్నియు లెక్కలు. లెక్క కందని దొకటి కలదు. సంపాదించువాడు కూర్చుండు గదికి తొలి చల్లదనము, వండిపెట్టునామెకు మిగిలిన వేడి యను పంపకమును మనమెవరమును వ్రాసికొనలేదు. అయినను ఇంటింట అమలు జరుగుచున్నది. సెంట్రల్ ఏసీయైనను, గదియంత్రమైనను, ఈ పంపకమును మార్పనిచో మన సౌఖ్యము సగము ఇంటిదే. ఇల్లు చల్లబడినదో లేదో హాలులో కూర్చుండి నిర్ణయింపరాదు. మధ్యాహ్నము పొయ్యియొద్ద నిలిచి నిర్ణయింపవలెను.