ఫ్లాష్ గార్డన్, మా జేజినాయన, నేను

(బి.యస్సీ. మూడవ సంవత్సరం విద్యార్థి)

ఈ సంచికకు ఏదైనా రాసి ఇమ్మని సంపాదకవర్గంలోని మిత్రుడు అడిగినప్పుడు, కవిత్వం నాకు చేతకాదనీ, విజ్ఞానశాస్త్రం వల్ల లాభనష్టాల గురించి ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారనీ చెప్పి తప్పించుకోబోయాను. "అయితే నువ్వు ఫిజిక్సులో ఎందుకు చేరావో రాయి" అన్నాడు. ఆ ప్రశ్నకు మాస్టార్ల ముందు చెప్పే జవాబు ఒకటి నా దగ్గర సిద్ధంగా ఉంది. అసలు జవాబు వేరు. వింటే నవ్వుతారని ఇన్నాళ్ళూ చెప్పలేదు. నేను ఒక పాత అమెరికన్ సీరియల్ సినిమా చూసి ఫిజిక్సులో చేరాను.

సీరియల్ సినిమా అంటే టీ.వీ. సీరియల్ కాదు సుమా. టీ.వీ.లు ఇంటింటికీ రాకముందు అమెరికాలో సినిమాహాళ్ళలోనే కథను ముక్కలు ముక్కలుగా వేసేవారు. వారానికి ఒక భాగం. ఒక్కొక్కటి ఇరవై నిమిషాలకు అటూ ఇటూ. ప్రతి భాగం చివరా హీరో గోతిలో పడిపోతూనో, మృగం నోట చిక్కుతూనో ఉండగా బొమ్మ ఆగిపోతుంది. ఏమయ్యాడో తెలియాలంటే పిల్లలు మళ్ళీ వారం టికెట్టు కొనాలి. అలెక్స్ రేమండ్ 1934 జనవరిలో పత్రికలకు గీయడం మొదలుపెట్టిన బొమ్మల కథ ఆధారంగా యూనివర్సల్ వారు 1936లో తీసిన 'ఫ్లాష్ గార్డన్' అలాంటిది. పదమూడు భాగాలు. హీరో బస్టర్ క్రాబ్, 1932 ఒలింపిక్సులో నాలుగు వందల మీటర్ల ఈతలో బంగారు పతకం గెలిచినవాడు. ఈ సీరియల్ బాగా ఆడడంతో 1938లో ఒకటి, 1940లో ఒకటి కొనసాగింపులు కూడా తీశారు.

ఇది అనంతపురం జిల్లాలోని మా మెట్టపల్లెకు వచ్చింది 2012లో. అప్పటికి నాకు ఏడేళ్ళు. మాకు ఆరెకరాల చేను, ఒక బోరు. వాన పడితే చెనిక్కాయ, బోరులో నీళ్ళుంటే ఎకరా వరి. బెంగుళూరులో కంప్యూటర్లు బాగుచేసే అంగట్లో పనిచేస్తున్న మా మామ దసరాకు వస్తూ ఒక డి.వి.డి. ప్లేయరూ, కవరులో నాలుగు డిస్కులూ తెచ్చాడు. మొదటి భాగం తనే పక్కన కూర్చుని తెలుగులో చెప్పాడు. మోంగో అనే గ్రహం భూమి మీదికి దూసుకువస్తున్నది. జార్కోవ్ అనే శాస్త్రజ్ఞుడు తను కట్టిన రాకెట్టులో ఫ్లాష్‌నూ, డేల్ అనే అమ్మాయినీ ఎక్కించుకుని అక్కడికి పోతాడు. ఆ గ్రహానికి రాజు మింగ్, పరమ క్రూరుడు. ఇంతవరకు చెప్పి మామ మరుసటి రోజు బస్సెక్కి వెళ్ళిపోయాడు. ఇంట్లో ఇంగ్లీషు వచ్చినవాడు ఇంకెవరూ లేరు. నాకొచ్చిన ఇంగ్లీషు ఏ ఫర్ ఆపిల్ వరకే.

పన్నెండు భాగాలు ఒక్కరోజే చూసేద్దామని నేను ఎగిరితే జేజినాయన ఒప్పుకోలేదు. "విత్తనాలు ఒక్క పూటలోనే వండుకోని తింటారా ఎవరన్నా? దినానికొకటి" అన్నాడు. ఆయనకు ఈ బొమ్మ ఎందుకు నచ్చిందో నాకప్పుడు తెలియలేదు. మింగ్‌ను చూడగానే "పాతాళభైరవిలో మాంత్రికుడు గదరా వీడు" అన్నాడు. రాకాసి బల్లులు పోట్లాడుకుంటుంటే నేను గుడ్లప్పగించి చూస్తున్నాను. ఆయన బీడీ తీసి నింపాదిగా, "అది ఉడుము లాంటిదిరా. వీపు మీద ఏందో అతికించినారు. పాపం దాన్ని ఎంత తిప్పలు పెట్టినారో" అన్నాడు. నాకు కోపం వచ్చింది.

ఆ ఏడు కరెంటు కోత ఎట్లా ఉండేదో సేద్యగాళ్ళ ఇళ్ళ నుంచి వచ్చిన మిత్రులకు చెప్పనక్కరలేదు. మోటార్లకు రోజుకు ఏడు గంటలన్నారు, అదీ రెండు విడతలుగా, అందులో ఒకటి రాత్రిపూట. మూడు ఫేసులు ఎప్పుడొస్తాయో నమ్మకం లేదు. జేజినాయన ఒక కన్ను టీ.వీ. మీద, ఒక చెవి వీధి మీద పెట్టుకుని కూర్చునేవాడు. "కరెంటొచ్చె" అని ఎవరో కేక వేస్తే చాలు, హీరో ఎక్కడున్నా సరే, టార్చీ, కట్టె తీసుకుని చేనికి నడిచేవాడు. అట్లా ఆయన దాదాపు ఏ భాగమూ చివరివరకు చూడలేదు. పొద్దున నేను చద్దిమూట తీసుకుపోయినప్పుడు గట్టు మీద కూర్చుని అడిగేవాడు, "ఏమాయరా మన పిల్లోడు? బతికినాడా?"

ఏం మాట్లాడుకున్నారో నాకూ అర్థమయ్యేది కాదు. అయినా తెలియదని చెప్పడం ఎట్లా? అందుకని కల్పించి చెప్పేదాన్ని అలవాటు చేసుకున్నాను. మొదట కొంచెం, పోనుపోను చాలా.

ఆరో రోజో, ఏడో రోజో, డేగమనుషుల ఊరు వచ్చింది. ఆ ఊరు నేల మీద ఉండదు, ఆకాశంలో తేలుతూ ఉంటుంది. దాని అడుగున పెద్ద కొలుములు. చొక్కాల్లేని మనుషులు పారలతో ఏదో ఎత్తి ఆ మంటలో పోస్తూ ఉంటారు. ఫ్లాష్ కూడా బందీగా వాళ్ళలో చేరతాడు. జేజినాయన ముందుకు వంగి చూశాడు. "ఊరు గాల్లో నిలబడింది వీళ్ళ చేతనా?" అన్నాడు. అవునన్నాను. "వాళ్ళకు కూలెంత?"

నాకేం తెలుసు? ఇంతలో కరెంటు వచ్చింది, ఆయన వెళ్ళిపోయాడు. మరునాడు పొద్దున గట్టు మీద మళ్ళీ అదే ప్రశ్న. ఫ్లాష్ గురించి అడగలేదు. "ఆ పారలోళ్ళు ఏమైనారు?" అన్నాడు. నేను చెప్పాను: పారలోళ్ళంతా ఒకనాడు పని ఆపేసినారు. పారలు కింద పడేసి కూర్చున్నారు. ఊరు మెల్లగా కిందికి దిగడం మొదలుపెట్టింది. రెక్కల రాజు పరిగెత్తుకుంటా వచ్చి కూలి రెట్టింపు చేసినాడు, మధ్యాహ్నం ముద్ద కూడా పెడతానన్నాడు. అప్పుడు మళ్ళీ పారలు పట్టినారు. "ముద్దంటే, రాగిముద్దనా?" అన్నాడు జేజినాయన. అవునన్నాను. ఆయన చాలాసేపు నవ్వాడు.

పదమూడో భాగం ఉన్న డిస్కు గీతలు పడి ఆడలేదు. ముగింపు కూడా నేనే చెప్పాను. ఆ తర్వాత ప్లేయరు చెడిపోయింది, మేమూ మా పనుల్లో పడ్డాము. కాని ఆ సీసాల్లో ఎగిరే నిప్పురవ్వలు, రాకెట్టు, గాలిలో ఊరు నా బుర్రలో ఉండిపోయాయి. టెన్తులో సైన్సు మాస్టారు గురుత్వాకర్షణ చెబుతుంటే నాకు ఆ ఊరే కనిపించింది. మిగిలిన సంగతి మీకు తెలిసిందే.

పోయిన సెమిస్టరు పరీక్షలయ్యాక హాస్టలు గదిలో మిత్రుని ల్యాప్‌టాప్ మీద ఆ పదమూడు భాగాలూ మళ్ళీ చూశాను. ముగ్గురు స్నేహితులను కూడా పిలిచాను, గొప్పగా చెప్పి మరీ. రాకెట్టు తీగకు వేలాడుతూ గిరగిరా తిరిగింది. దాని తోక నుంచి వచ్చే పొగ మన వంటింటి పొగలాగా నిలువుగా పైకి పోయింది. ఆ రాకెట్టు కూడా 1930లో వచ్చిన 'జస్ట్ ఇమాజిన్' అనే సినిమాకు చేసినదట. కోటలు కొన్ని 'ఫ్రాంకెన్‌స్టయిన్' సెట్లు. నిప్పురవ్వలు కెనెత్ స్ట్రిక్‌ఫాడెన్ అనే ఆయన అదే సినిమాకు తయారుచేసిన యంత్రాలవి. అవి మాత్రం నిజమైన మెరుపులే. గాలిలో ఒక సెంటీమీటరు దూరం రవ్వ దూకాలంటే సుమారు ముప్ఫైవేల వోల్టులు కావాలని లాబ్‌లో నేర్చుకున్నవాడికి వాటి మీద గౌరవం కలుగుతుంది. రాకాసి బల్లులు, మా జేజినాయన చెప్పినట్టే, వీపుకు ఏదో అతికించిన మామూలు బల్లులు. చిన్నప్పుడు పట్టనివి ఇంకా రెండు పట్టాయి. మింగ్ పేరు, మీసం, వేషం అన్నీ చైనావాళ్ళంటే భయపెట్టడానికి కట్టినవి. పాపం డేల్‌కు కేకలు వేయడం, స్పృహ తప్పడం తప్ప పెద్దగా పని లేదు.

స్నేహితులు రెండో భాగానికే నవ్వి నవ్వి లేచిపోయారు. 'స్టార్ వార్స్' (1977) తీసిన జార్జి లూకాస్ మొదట ఈ ఫ్లాష్ గార్డన్‌నే తీయాలనుకున్నాడు, హక్కులు దొరక్క తన కథ తను రాసుకున్నాడు అని వాళ్ళ వెనకాల అరిచి చెప్పాను. ఎవరూ వినలేదు.

ఒక్కణ్ణే కూర్చుని డేగమనుషుల ఊరి కోసం ఎదురుచూశాను. వచ్చింది. కొలుములు వచ్చాయి, పారలు వచ్చాయి. ఇప్పుడు ఇంగ్లీషు తెలుస్తుంది గనుక వాళ్ళు ఎత్తిపోస్తున్నది రేడియం అని కూడా తెలిసింది. కాని పారలు కింద పడేసి కూర్చోవడం మాత్రం రాలేదు. జార్కోవ్ ఉపాయంతో ఫ్లాష్ కొలిమిని పేల్చేస్తాడు. ఊరు కూలబోతుంటే జార్కోవ్ కొత్త కిరణం కనిపెట్టి నిలబెడతాడు. రాజు సంతోషించి వీళ్ళను విడిచిపెడతాడు. కథ హీరోతో పాటు ముందుకు నడిచిపోతుంది. నేను వెనక్కి తిప్పి తిప్పి రెండుసార్లు వెతికాను. ఆ సమ్మె సినిమాలో లేదు. పన్నెండేళ్ళకు పైగా నేను కళ్ళారా చూశాననుకున్న దృశ్యం, గట్టు మీద ఒక ముసలాయనకు నేను చెప్పిన అబద్ధం.

మనసు చివుక్కుమన్నది. ఉడుముకు అతికించిన తోలు చూసి చదువులో చేరినవాడిని, నా జ్ఞాపకం కూడా అతికించినదేనా అనిపించింది. ఆ రాత్రి నిద్రపట్టక రేడియం గురించి చదివాను. మేరీ క్యూరీ, పియరీ క్యూరీలు టన్నులకొద్దీ ఖనిజాన్ని ఉడికించి, వడగట్టి, 1902 నాటికి తీసిన రేడియం లవణం ఒక గ్రాములో పదోవంతు. సినిమాలో దాన్ని పారలతో ఎత్తిపోస్తున్నారు! ఆ సీరియల్ రావడానికి రెండేళ్ళ ముందే, 1934 జులైలో, మేరీ క్యూరీ రక్తం పుట్టని జబ్బుతో చనిపోయింది. ఏళ్ళ తరబడి రేడియోధార్మిక కిరణాల మధ్య పనిచేయడమే కారణమంటారు. అంతకు ముందు 1920లలో అమెరికాలో గడియారాల అంకెలకు రేడియం రంగు పూసే ఆడపిల్లలు కుంచె మొనను పెదవులతో సన్నం చేసుకునేవారు. వాళ్ళకు అట్లాగే నేర్పారు. దవడ ఎముకలు పాడై ఎందరో చనిపోయారు. న్యూజెర్సీలో ఐదుగురు మంచాన పడే స్థితిలో కోర్టుకెక్కి, 1928లో పరిహారం రాబట్టుకున్నారు.

ఆ సీరియల్ చూసిన పిల్లలు ఆ వార్తలు విన్న ఇళ్ళలోని పిల్లలే. కొలిమి ముందర నిలబడ్డవాళ్ళ సంగతి ఎంతమంది అడిగారో గాని, రేడియం పేరు కూడా వినని మా జేజినాయన అడిగాడు.

ఆయన 2022లో పోయాడు. నేను చెప్పినదంతా కల్పన అని ఆయనకు చెప్పుకునే వీలు లేదు. మరునాడు నాయనకు ఫోన్ చేశాను. చెనిక్కాయ ధర గురించి, బోరు గురించి మాట్లాడాక, "నాయనా, గాలిలో ఊరి కథ జేజినాయనకు నేను చెప్పింది నీకు జ్ఞాపకముందా?" అన్నాను.

"ఎందుకుండదు? కలుపు తీసేటప్పుడు ఆడోళ్ళకు ఎన్ని తూర్లు చెప్పినాడో! వాళ్ళు అడిగి మరీ చెప్పించుకునేవాళ్ళు."

"అది సినిమాలో లేదు నాయనా. నేనే కల్పించినా."

నాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత నవ్వాడు. "నువ్వు ఎంత పని చేసినావో నీకు తెలుసునా? ఒక సంవత్సరం కలుపు దినాల్లో కూలి పెంచమని వాళ్ళు అడిగినారు. మీ జేజినాయన కుదరదన్నాడు. మనకాడ మాత్రం యాడుంది? అప్పుడు ఒకామె తొలికి కింద పెట్టి గట్టు మీద కూర్చుండె. 'పెద్దాయనా, మేం పారలు కింద పెట్టినాం. నీ ఊరు దిగుతాండాది చూసుకో' అనె. అందరూ కూర్చున్నారు."

"జేజినాయన ఏం చేసినాడు?"

"ఏం చేస్తాడు? చెప్పింది ఆయనే గదా కథ! పెంచినాడు. మధ్యాహ్నం ముద్ద కూడా పెట్టినాడు."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు వరండాలో నిలబడ్డాను. వచ్చే ఏడు నేను ఎమ్మెస్సీలో చేరతానో, ఇంటికి పోయి చేను చూసుకుంటానో ఇంకా తేలలేదు. ఎక్కడున్నా సరే, ఏదైనా కొత్త యంత్రం బొమ్మ చూపించి ఇది గాలిలో తేలుతుందని ఎవరైనా చెబితే, ముందుగా కింద కొలిమి దగ్గర ఎవరున్నారో చూడడం మాత్రం నాకు అలవాటైంది. సిలబస్‌లో ఆ ప్రశ్న లేదు. మా చేనిగట్టు మీద ఉండేది.